టెక్ సందేహాలు: స్విచ్‌లు తర్వాత కొనండి, ముందు వైర్ల దారి గీయండి

ఈ వారం వచ్చిన వాటిలో నాలుగు ప్రశ్నలు ఒకే కోవలోవి. ఒకరిది కొత్త ఇల్లు, ఒకరిది లాడ్జి పని, ఒకరిది కాలేజీ, ఇంకొకరిది మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆటోమేషన్ పెట్టిస్తున్నాం, నెట్‌వర్క్ ఎట్లా ప్లాన్ చేసుకోవాలి అని నలుగురూ అడిగారు. విడివిడిగానే చెప్తాను, ఎందుకంటే ఇంటికి సరిపోయేది కాలేజీలో పెడితే అంతా ఆగమాగం అవుతుంది, కాలేజీకి పెట్టేది ఇంట్లో పెడితే డబ్బు దండగ.

ప్రశ్న (హనుమకొండ): జీ ప్లస్ వన్ కడుతున్నాం సార్, స్లాబులు పడ్డాయి, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు. 30 దాకా వైఫై స్విచ్‌లు పెట్టాలని ఉంది. రౌటర్ కింద హాల్లో పెడితే పైన కూడా సరిపోతుందా?

పైకి సిగ్నల్ అసలే రాదని కాదు, వస్తుంది, మీ ఫోన్లో రెండు గీతలు కనిపిస్తాయి, వీడియో కూడా నడుస్తుంది. స్విచ్ సంగతి వేరు. దాని యాంటెన్నా గోరంత ఉంటుంది, పైగా గోడలో పూడ్చిన బాక్సులో కూర్చుంటుంది, ఆ బాక్సు ఇనుపదైతే ఇక చెప్పేదేముంది! మధ్యలో స్లాబు, అందులో ఇనుప కడ్డీల జాలీ. ప్లాస్టరింగ్ కాలేదన్నారు కాబట్టి మీరు అదృష్టవంతులు, ఇప్పుడే ఒక చోట నుంచి (మెట్ల కింద అల్మారా అయినా సరే) ప్రతి అంతస్తు సీలింగ్ మధ్యకి ఒక క్యాట్-6 కేబుల్ (నెట్‌వర్క్ వైరు) పైపులో లాగించండి. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదంటారు, మీ ఇంట్లో ఆ బాధ లేదు. రెండు అంతస్తులకు రెండు యాక్సెస్ పాయింట్లు (కేబుల్లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టెలు) పెట్టి కింద ఛానెల్ 1, పైన 6 గానీ 11 గానీ పెట్టండి. ఈ స్విచ్‌లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, ఆ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తొక్కని ఛానెళ్లు ఆ మూడే. నెట్ కనెక్షన్‌తో ఊరికే ఇచ్చే రౌటర్ మీద ఈ భారమంతా వేయకండి, 30 స్విచ్‌లకు తోడు ఫోన్లు, టీవీ ఎక్కేసరికి చాలా రౌటర్లు తడబడతాయి. ఇంకొక్క మాట, ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్ వైరు రావాలని మేస్త్రీకి ఈరోజే చెప్పండి, వైఫై స్విచ్‌లలో చాలావాటికి అది లేకపోతే నడవదు. సాకెట్ ఉన్న బోర్డుల్లో ఎలాగూ ఉంటుంది, మెట్ల దగ్గరి ఒంటి స్విచ్‌ల దగ్గరే మర్చిపోతారు.

ప్రశ్న (కాజీపేట): అన్నా, నేను ఎలక్ట్రీషియన్ని. ఒక లాడ్జిలో నాలుగు అంతస్తుల్లో 40 గదులకు ఏసీ థర్మోస్టాట్లు, అంతస్తుకో కరెంటు మీటరు పెట్టిన. అన్నీ ఆర్‌ఎస్-485 (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) మీద మోడ్‌బస్ (ఆ వైర్ల మీద పరికరాలు మాట్లాడుకునే భాష). ప్రతి అంతస్తు నుంచి ఒక వైరు కిందికి తెచ్చి ప్యానెల్లో అన్నీ కలిపిన. ఒకటో అంతస్తు మంచిగనే చూపిస్తుంది, పై రెండు వచ్చి పోతున్నాయి. పరికరాలు ఖరాబైనయా?

పరికరాలు ఏమీ కాలేదు తమ్ముడూ, ఖర్చు పెట్టి మార్చకు. కరెంటు పనిలో అలవాటైన పద్ధతి నిన్ను ముంచింది. లైట్ల వైర్లన్నీ తెచ్చి ఒక చోట కలిపితే లైట్లు వెలుగుతాయి, ఆర్‌ఎస్-485కి అది కుదరదు. దానికి పూలదండ లెక్క ఒకటే దారం కావాలి. ప్యానెల్ నుంచి బయల్దేరిన వైరు 101 గది థర్మోస్టాట్ టెర్మినల్లోకి వెళ్లి, అదే టెర్మినల్ నుంచి 102కి, అక్కడి నుంచి 103కి, అలా చివరిదాకా పోయి ఆగాలి. మధ్యలో కొమ్మలు వేస్తే ప్రతి కొమ్మ చివరా సిగ్నల్ తగిలి వెనక్కి వస్తుంది, వచ్చిన ప్రతిధ్వని తర్వాతి సిగ్నల్ మీద పడి రెండూ చెడిపోతాయి. మొదటి అంతస్తు వైరు పొట్టిది కాబట్టి నెట్టుకొస్తోంది.

ఇంకో లెక్క కూడా చూడు. ఆర్‌ఎస్-485 పాత లెక్క ప్రకారం ఒక లైన్ మీద 32 లోడ్లే (పాత రకం పరికరం ఒకటి ఒక లోడ్), నీవి 44. ఇప్పటి చిప్‌లలో చాలావరకు తక్కువ లోడ్ తీసుకుంటాయి కాబట్టి 44 నడవొచ్చు కూడా, కానీ నేనైతే రెండు లైన్లు చేస్తాను, 1, 2 అంతస్తులకు ఒకటి, 3, 4 అంతస్తులకు ఒకటి, లైనుకు 22 పరికరాలు. ఒక వైరు తెగితే లాడ్జి మొత్తం గుడ్డిదైపోకూడదు కదా. పైగా మోడ్‌బస్‌లో ప్యానెల్లోని మాస్టర్ పరికరం, అంటే పెద్దన్న, ఒక్కొక్కరినీ పిలిచి అడగాలి, చచ్చిన పరికరం ఒకటి ఉంటే దాని జవాబు కోసం ఎదురుచూస్తూ మిగతావాళ్లందరినీ క్యూలో నిలబెడతాడు.

ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు, అంటే మోడ్‌బస్ అడ్రసులు, 1 నుంచి 247 దాకానే. ఇక్కడే నీకు సులువు ఉంది, మొదటి లైన్లో గది నంబరే అడ్రస్ అయిపోతుంది, 101 అంటే 101, 210 అంటే 210. రెండో లైన్లో 200 తీసేయి, 301 గది 101 అవుతుంది, 401 గది 201 అవుతుంది. ఏ లైన్లోనైనా మీటర్లకు 1, 2. ఇది ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించు, రేపు నువ్వు దుబాయ్ పోయినా తర్వాత వచ్చేవాడు నిన్ను తిట్టుకోడు.

చివరికి రెసిస్టర్ల ముచ్చట, లైను కొసన సిగ్నల్ తగిలి వెనక్కి రాకుండా ఆపేవి ఇవే. లైనుకు రెండు కొసల్లోనూ 120 ఓమ్‌లది ఒక్కొక్కటి, అంతే, మధ్యలో వద్దు. సరిగ్గా పెట్టావో లేదో తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు, అన్నిటికీ పవర్ ఆపేసి ఏ, బీ వైర్ల (లైన్లోని రెండు డేటా వైర్లు) మధ్య ఓమ్‌లు కొలువు. 60కి అటూ ఇటూ వస్తే బాగున్నట్టే. 120 దగ్గర వస్తే ఒక్కటే ఉంది. హనుమకొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఇదే సమస్యకి నన్ను పిలిస్తే మీటరు 40 చూపించింది, అంటే మూడోది ఎక్కడో దాక్కుంది. పొద్దున పదింటి నుంచి ఫాల్స్ సీలింగ్ పలకలు ఒక్కొక్కటీ లేపుకుంటూ, మీద పడే సున్నం దులుపుకుంటూ వెతికితే సాయంత్రానికి దొరికింది, రెండో అంతస్తు కారిడార్‌లోని ఒక కంట్రోలర్‌ మూత కింద లోపలి రెసిస్టర్‌ని లైనుకు కలిపే అగ్గిపుల్ల తలంత స్విచ్ ఒకటి ఆన్‌లో ఉంది. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందట. కాబట్టి బిగించే ముందే ప్రతిదాని మూత తీసి చూడు. వైరు మెలితిప్పిన జతది, షీల్డ్ (బయటి రేకు తొడుగు) ఉన్నది కొను, షీల్డ్‌ని ఒక కొస దగ్గరే ఎర్త్ చేయి, కరెంటు వైర్ల పైపులో దీన్ని దూర్చకు. ఏ, బీ అక్షరాలను కంపెనీకొకలా తిప్పి రాస్తారు, ఒక పరికరం మాట్లాడకపోతే ముందు ఆ రెండు వైర్లు మార్చి చూడు.

ప్రశ్న (నర్సంపేట రోడ్డు): మా కాలేజీలో ఐదు బ్లాకులు. ఏసీలు, పంపులు, జనరేటర్, లైట్లు అన్నీ బ్యాక్‌నెట్ (భవనాల్లోని యంత్రాలు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే భాష) మీదకి తెస్తున్నారు. ఉన్న కంప్యూటర్ నెట్‌వర్క్‌లోనే కలిపేస్తాం, సర్వర్ సెల్లార్‌లో పెడతాం అంటున్నారు. సరేననాలా?

రెండోదానికి ముందు చెప్తాను, సెల్లార్ వద్దు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్ ఎలా మునిగిందో చూసినవాళ్లం, నయీంనగర్ వైపు నీళ్లు ఎంత లోపలికి వచ్చాయో మీకూ గుర్తుండే ఉంటుంది. మోటార్లు ఆపమని చెప్పాల్సిన సర్వరే ముందు మునిగితే ఎట్లా? మొదటి అంతస్తులో ఒక చిన్న గది చూడండి.

ఇక కలపడం గురించి. నెట్‌వర్క్ స్విచ్‌లూ (కేబుళ్లను కలిపే పెట్టెలు) ఫైబరూ ఉమ్మడిగా వాడుకోండి, కానీ ఆటోమేషన్‌ని వేరే వీలాన్‌లో (అవే వైర్ల మీద విడిగా గిరిగీసిన నెట్‌వర్క్) పెట్టించండి, విద్యార్థుల ల్యాప్‌టాప్ నుంచి ఏసీ కంట్రోలర్ కనిపించే అవసరమే లేదు. బ్యాక్‌నెట్ ఐపీ పాత రకంలో పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, నెట్‌వర్క్‌లో ఉన్నవాడు ఎవడైనా చిల్లర్‌ని (పెద్ద ఏసీలకు చల్లదనం ఇచ్చే యంత్రం) ఆపేయగలడు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి, దొంగలు లోపలికి వచ్చింది ఏసీ, ఫ్రిజ్ పనులు చేసే కాంట్రాక్టర్ లాగిన్‌తోనే. మీ కాంట్రాక్టర్ ఇంటి నుంచి చూసుకుంటానంటే వీపీఎన్ (నెట్ మీద తాళం వేసిన సొంత దారి) ఇవ్వండి, రౌటర్‌లో బ్యాక్‌నెట్ వాడే 47808 పోర్టు (డేటా వచ్చే ద్వారం) మాత్రం తెరవనివ్వకండి.

బ్లాకుకు బ్లాకుకు మధ్య రాగి కేబుల్ వద్దు, ఫైబరే. దూరం ఒక కారణం, పిడుగులు రెండో కారణం, రెండు భవనాల ఎర్త్ మధ్య తేడా వల్ల పోర్టులు కాలిపోవడం మూడోది. వీలైతే రింగులా వేయించండి, జేసీబీ ఒక పక్క తెంపితే ఇంకో పక్క నుంచి నడుస్తుంది (జేసీబీ తెంపుతుంది, అందులో అనుమానం లేదు).

బ్లాకుకొక సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో విడదీసిన ఒక ముక్క) ఇస్తారు కదా, అక్కడొక మెలిక. బ్యాక్‌నెట్ పరికరాలు "ఎవరెవరున్నారు?" అని కేకేసి ఒకదాన్నొకటి కనుక్కుంటాయి, ఆ కేక రౌటర్ దాటదు. దాటించడానికి బీబీఎండీ అనే ఏర్పాటు సబ్‌నెట్‌కి ఒకటి పెడతారు. ఒకే సబ్‌నెట్‌లో పొరపాటున రెండు పెడితే ఒకే కేక రెండేసి సార్లు తిరుగుతూ నెట్‌వర్క్ అంతా లొల్లి. అలాగే ప్రతి పరికరానికీ క్యాంపస్ మొత్తంలో ఇంకెక్కడా లేని నంబరు ఉండాలి. 41,94,302 దాకా ఇవ్వొచ్చు కాబట్టి పొదుపు చేయకుండా అర్థమయ్యేలా ఇవ్వమనండి, 30412 అంటే 3వ బ్లాక్, 04వ అంతస్తు, 12వ పరికరం. ఈ పట్టిక ఎక్సెల్ షీటు పని మొదలవ్వకముందే మీ చేతికి రావాలి. పని అయ్యాక ఇస్తామంటే అది రాదు.

ప్రశ్న (ఏనుమాముల): కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ సెన్సార్లు పెట్టి ఫోన్లో చూసుకోవాలనుకుంటున్నాం. నెట్ పోతే కంప్రెసర్లు ఆగిపోతాయా?

ఎలా పెట్టించారన్న దాని మీద ఉంటుంది. కంప్రెసర్‌ని ఎప్పుడు ఆన్ చేయాలో నిర్ణయించేది మీ గోడ మీదున్న కంట్రోలర్ అయితే నెట్ ఉన్నా పోయినా తేడా లేదు, ఫోన్లో కనిపించదు అంతే. ఆ నిర్ణయం ఎక్కడో క్లౌడ్‌లో జరుగుతుంటే మిర్చి బస్తాలు దేవుడి దయ. సెన్సార్లు 4-20 మిల్లీయాంప్ రకంవి (కొలతను 4 నుంచి 20 మిల్లీయాంప్‌ల కరెంటుగా పంపేవి) అడగండి, వాటిలో సున్నా వచ్చిందంటే వైరు తెగిందని వెంటనే తెలుస్తుంది, ఎలుకలున్న చోట ఇది చిన్న విషయం కాదు. అలారం ఎస్ఎంఎస్ పంపే పెట్టెకు సొంత సిమ్, సొంత బ్యాటరీ ఉండాలి. కాంట్రాక్టర్ చివరి బిల్లు పట్టుకొచ్చిన రోజున అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించండి, అతని ముందే రౌటర్ వైరు పీకి ఒక గంట చూడండి. తర్వాత చెక్కు రాయండి.