ఒంగోలులో కారు ఛార్జింగ్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీ బుక్ చేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఒంగోలులో ఛార్జింగ్ స్టేషన్లు యాప్‌లో బోలెడు కనిపిస్తున్నాయి, ఇంట్లో పాయింట్ ఎందుకులే అన్నావట. ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు. మనలాంటి ఊళ్లో బయటి ఛార్జర్ ప్రయాణాలకూ అత్యవసరాలకూ మాత్రమే. రోజూ తిరిగే బండి ఇంటి కరెంటు మీదే నడవాలి.

అద్దె ఫ్లాట్ కదా, ముందు ఓనరు గారితో మాట్లాడు. మీ మీటరు నుంచే పార్కింగ్‌లోకి లైను లాగించి 15 ఆంప్స్ సాకెట్, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్ పెట్టించు. ఇంటికున్న కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబర్ మార్గదర్శకాల్లో ఉంది. అపార్ట్‌మెంట్ కమిటీ అభ్యంతరం చెబితే అది చూపించు. మీటరుకు మంజూరైన లోడు చాలకపోతే పెంచుకో. 24 యూనిట్ల బ్యాటరీ రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది.

ఇక బయటి సంగతి. యాప్‌లో ఎన్ని చుక్కలున్నాయని చూడకు, ఒక్కో చుక్క తెరిచి చదువు. మెషీన్ వైరు చివర కారుకు గుచ్చే ప్లగ్గునే గన్ అంటారు. వేగంగా ఛార్జ్ చేయడానికి నీ కారుకు కావాల్సింది సీసీఎస్2 రకం గన్. జీబీ/టీ అనే వేరే రకం గన్ ఉన్న పాత 15 కిలోవాట్ల మెషీన్లు ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి, అవి నీ బండికి పట్టవు. టైప్-2 అని రాసి ఉంటే అది ఏసీ కరెంటుతో నడిచే నెమ్మది ఛార్జర్, గంటలకు గంటలు పడుతుంది. సినిమాకో పెళ్లికో వెళ్లినప్పుడు పనికొస్తుంది తప్ప దారిలో ఆగి పెట్టుకునేది కాదు. కోడలి స్కూటర్‌కి ఈ కార్ల గన్ ఏదీ సరిపోదు, దాని కంపెనీ పాయింట్లు వేరే చూసుకోవాలి.

మెషీన్ మీద 60 కిలోవాట్లు అని రాసి ఉన్నా నీ కారు అంత తీసుకోదు. 10 శాతం నుంచి 80 శాతానికి గంట దాకా పడుతుంది. 80 దాటాక వేగం బాగా పడిపోతుంది, అప్పుడు గన్ తీసేసి వెనకున్నవాళ్లకు చోటివ్వు. రెండు గన్లున్న చాలా మెషీన్లలో పక్కన ఇంకో బండి పెడితే పవర్ సగం సగం అవుతుంది. అందుకే ఖాళీగా ఉండే వేళ చూసుకో.

యాప్‌లో "అందుబాటులో ఉంది" అని కనిపించినంత మాత్రాన నమ్మి బయల్దేరొద్దు. ఈమధ్య ఎవరైనా అక్కడ ఛార్జ్ చేశారా, ఏం రాశారో చదువు. బంకు నంబరు దొరికితే ఫోన్ చేసి "మెషీన్ నడుస్తోందా, కరెంటు ఉందా" అని అడుగు. కరెంటు పోతే బంకు జనరేటర్ మీద ఆ మెషీన్ సాధారణంగా నడవదు. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్ కాబట్టి రెండు మూడు ముందే డౌన్‌లోడ్ చేసి, కొద్దికొద్దిగా డబ్బులు వేసి పెట్టు. మెషీన్ ముందు నిలబడి, సిగ్నల్ లేక, ఓటీపీ రాక పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. యూనిట్ ధర చూసేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో కూడా చూడు.

గన్ ఊడి రాకపోతే గుంజొద్దు. ముందు ఛార్జింగ్ ఆపి, కారు ఒకసారి లాక్ చేసి అన్‌లాక్ చెయ్యి, వదులుతుంది.

విజయవాడ వెళ్లేటప్పుడు బ్యాటరీ పూర్తిగా నింపుకుని బయల్దేరు. సుమారు 150 కిలోమీటర్లు, హైవే మీద వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా వెళ్తే చేరిపోతావు. అయినా దారిలో చిలకలూరిపేట దగ్గర ఒకటి, గుంటూరు వైపు ఒకటి చూసి పెట్టుకో. మొదటిది పనిచేయకపోయినా రెండోదానికి చేరేంత ఛార్జ్ ఉండాలి. పిల్లలు కారులో ఉంటారు కాబట్టి 25 శాతం కిందికి రానివ్వకు.

బండి చేతికొచ్చాక సాకెట్ పనికి ఎలక్ట్రీషియన్ కావాలంటే చెప్పు, నాకు తెలిసిన మనిషిని పంపిస్తాను.

మీ మావయ్య