‘ఇవ్వాలి’కీ ‘ఇవ్వవచ్చు’కీ మధ్య

అరండల్‌పేట, గుంటూరు

అమ్మా,

నీ చిత్తుప్రతి మొన్న సాయంత్రం అందింది. రెండుసార్లు చదివాను. అంచుల్లో ఎర్ర సిరా చూసి నొచ్చుకోకు. విజయవాడలో పిల్లల వైద్యురాలిగా నీ పని నువ్వు చక్కగా చేస్తున్నావని విన్నాను. ఇప్పుడు అంటువ్యాధి ప్రబలిన వారంలోనే పిల్లలకు ఏం చేయాలో రాసిపెట్టే బృందంలో నీకు చోటిచ్చారు. “సరైన ఆధారాలు రావడానికి ఏళ్లు పడుతుంది, వారం రోజుల్లో నేనేమని రాయను?” అని అడిగావు. 40 ఏళ్లుగా పిల్లలకు వైద్యం చేస్తూ, ఇలాంటి కాగితాలు రాస్తూ వచ్చిన వాడిని. ఆ ప్రశ్న నన్నూ నిద్రపోనివ్వని రాత్రులు ఉన్నాయి.

ముందుగా, నీ మొదటి పేజీ మొత్తం కొట్టేశాను. వైరస్ చరిత్ర, ప్రపంచ పరిస్థితి, బృందం లక్ష్యాలు అన్నీ బాగానే రాశావు. కానీ 2024 సెప్టెంబరు గుర్తు చేసుకో. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, పాలు, మందులు పడవల మీద వెళ్లాయి. అలాంటి వీధిలో ఒక డాబా మీద ఒక ఏఎన్‌ఎం నిలబడి ఉందనుకో. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని తల్లి ఎదురుగా ఉంది. ఏఎన్‌ఎం చేతిలో ఫోను, అందులో కొద్దిపాటి ఛార్జింగు. ఆమె నీ కాగితం తెరిస్తే మొదట కనిపించాల్సింది ఆ బిడ్డకు ఇప్పుడేం చేయాలన్నది. మిగతాదంతా చివర పెట్టు.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. వేగంగా రాసేటప్పుడు ఎక్కువ జాగ్రత్త పడవలసింది క్రియ చివర. ‘ఇవ్వాలి’, ‘ఇవ్వవచ్చు’, ‘ఇవ్వనక్కరలేదు’, ‘ఇవ్వకూడదు’. మన భాషలో ఈ నాలుగూ నాలుగు వేర్వేరు వైద్య నిర్ణయాలు. నీ చిత్తుప్రతిలో ఇవి కలగాపులగమయ్యాయి. అయిదేళ్ల లోపు పిల్లలకు ‘మాస్కు పెట్టకూడదు’ అని రాశావు. 2020 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పింది అయిదేళ్లు, అంతకు తక్కువ వయసు వారికి మాస్కు తప్పనిసరి చేయకూడదని. నీ వాక్యం చదివిన ఏఎన్‌ఎం, జబ్బుపడిన తాత పక్కన కూర్చున్న పిల్లవాడి ముఖం మీది మాస్కు లాగేస్తుంది. తప్పు ఆమెది కాదు.

మార్గదర్శకాలు రాసేవారు చాలా దేశాల్లో గ్రేడ్ అనే పద్ధతి పాటిస్తారని నీకు తెలుసు. ఆధారం మీద మనకున్న నమ్మకాన్ని ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ అని నాలుగు మెట్లలో చెబుతారు. సలహా గట్టిదా, షరతులతో కూడినదా అన్నది విడిగా చెబుతారు. ఆ రెండూ ఎందుకు విడివిడిగా ఉన్నాయో చాలామంది ఆలోచించరు. 2006లో బర్డ్‌ఫ్లూ సోకిన వారికి ఏ మందివ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హడావుడిగా తేల్చవలసి వచ్చింది. ఒసెల్టమివిర్ అనే వైరస్‌ను అణచే మందు ఆ జబ్బులో పనిచేస్తుందనడానికి ఉన్న ఆధారం మరీ తక్కువ. అయినా ‘ఇవ్వాలి’ అని గట్టిగానే చెప్పారు. ఆ జబ్బు సోకిందని తేలిన వారిలో సగానికి పైగా చనిపోతున్నారు, మందు వల్ల జరిగే హాని దానితో పోలిస్తే చిన్నది. ఆధారం తక్కువని అదే కాగితంలో దాచకుండా రాశారు కూడా.

ఇప్పుడు 2021 జూన్ చూడు. కొవిడ్ రెండో అల తగ్గుతోంది, మూడోది పిల్లల మీదే పడుతుందని ఊరంతా భయం. రెమ్‌డెసివిర్ రాయమని తల్లిదండ్రులు చేతులు పట్టుకుని అడిగిన రోజులు. అప్పుడు కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన మార్గదర్శకాలు 18 ఏళ్ల లోపు వారికి ఆ మందును సిఫార్సు చేయలేదు. ఆ వయసు వారిలో అది సురక్షితమని, పనిచేస్తుందని చెప్పడానికి చాలినంత సమాచారం లేదని కారణం చెప్పాయి. లక్షణాలు లేని, తేలికపాటి జబ్బు ఉన్న పిల్లలకు స్టెరాయిడ్లు హానికరమన్నాయి. ఇక్కడా ఆధారం తక్కువే, మాట మాత్రం ఎదురు దిక్కున పడింది. ఎందుకంటే కొవిడ్ సోకిన పిల్లల్లో అత్యధికులు మామూలుగానే కోలుకుంటున్నారు. పోగొట్టుకునేది ఎంత, పొందేది ఎంత అని తూచి మాట ఎంచుకున్నారు. వారం రోజుల్లో నువ్వు చేయగలిగింది ఈ తూకమే, అమ్మా. నిండు ఆధారం నీ చేతికి రాదు, రాలేదని చెప్పి తూచిన లెక్క చూపించు.

పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. మన దగ్గరున్న ఆధారంలో ఎక్కువ భాగం పెద్దల మీద చూసింది. బరువు లెక్కన మోతాదు తగ్గిస్తే సరిపోతుందనుకుంటారు. ఒకప్పుడు జ్వరమొస్తే పిల్లలకూ ఆస్పిరిన్ ఇచ్చేవారు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలు కొందరిలో కాలేయం, మెదడు దెబ్బతినే రై సిండ్రోమ్‌కూ దానికీ సంబంధం ఉందని తేలాక 1982లో అమెరికా సర్జన్ జనరల్ హెచ్చరిక చేశారు. పెద్దల కడుపులో ఏళ్ల తరబడి పడిన మాత్ర అది. అందుకే నీ కాగితంలో ప్రతి మందు పక్కన ‘ఇది పెద్దలలో చూసినది’, ‘ఇది పిల్లలలో చూసినది’ అని మూడు మాటల్లో రాయి. చదివేవారికి అది భారం కాదు.

హాని అంటే మందు హాని ఒక్కటే అనుకోకు. 2020 తొలి వారాల్లో కొన్ని చోట్ల కొవిడ్ ఉన్న తల్లి నుంచి పసిబిడ్డను 14 రోజులు వేరు చేయమన్నారు. వైరస్ అంటుతుందన్న భయం అర్థం చేసుకోదగిందే. కానీ తల్లిపాలు ఆగిపోతే ఆ బిడ్డకేమవుతుంది, డబ్బాపాలు కలిపే నీళ్లు ఎలాంటివి అన్న లెక్క అందులో లేదు. 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని పాలివ్వవచ్చని చెప్పింది. మన కృష్ణలంకలోనో, ఇక్కడి పేటల్లోనో ఒక గదిలో అయిదుగురుండే ఇంటికి ‘వేరు చేయాలి’ అన్న మాట రాసే ముందు, ఆ గదిలో నువ్వొకసారి కూర్చుని రా.

నా వల్ల జరిగిన తప్పొకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక పేటలో నీళ్ల విరేచనాలు వ్యాపించాయి. రాత్రికి రాత్రి ఒక పేజీ రాసి అచ్చు వేయించాను. ‘ఒక ప్యాకెట్ ఓఆర్‌ఎస్ పొడిని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి ఇవ్వాలి’ అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంది. మూడో రోజు ఆ పేటకు వెళ్లాను. ఒక ఇంట్లో ఏడాదిన్నర పాప, కళ్లు లోతుకు పోయాయి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మడత మెల్లగా సర్దుకుంటోంది. “రాత్రంతా తాగించాను డాక్టరు గారూ, కాగితంలో ఉన్నట్టే కలిపాను” అంది తల్లి. లీటరు సీసా చూపించింది. పక్కన చింపి పడేసిన ప్యాకెట్ తీసి చూస్తే అది చిన్నది, 200 మిల్లీలీటర్లకు సరిపోయేది. ఆ పాప రాత్రంతా తాగింది అయిదో వంతు లవణాలున్న నీళ్లు. రెండిళ్ల అవతల పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో కలిపారు, పిల్లవాడు ఉప్పదనానికి కక్కేస్తున్నాడు. అది ఇంకా ప్రమాదం, రక్తంలో సోడియం పెరిగితే మూర్ఛలు రావచ్చు. పాపకు ఆసుపత్రిలో సెలైన్ పెట్టించాం, మూడో రోజుకు తేరుకుంది. ఆమె తల్లి నన్నేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా వాక్యంలో వైద్యపరంగా తప్పు లేదు. బజారులో రెండు సైజులు ఉంటాయని రాసేవాడికి తట్టలేదు, అంతే. తర్వాతి కాగితంలో రెండు ప్యాకెట్ల బొమ్మలు వేయించాను. చిన్నదాని పక్కన గ్లాసు, పెద్దదాని పక్కన సీసా. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలని కింద రాశాను. జింక్ మాత్రల దగ్గర కూడా అంతే. ‘14 రోజులు ఇవ్వాలి’ అంటే సరిపోదు, విరేచనాలు మూడో రోజుకు తగ్గగానే ఆపేస్తారు. ‘విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఇవ్వాలి, మళ్లీ రాకుండా ఉండటానికి’ అని రాయాలి.

ఆయాసం భాగం నువ్వు బాగా రాశావు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, అంత ఉన్నా, మించినా వేగమైన శ్వాస అన్న లెక్క సరిగ్గా ఉంది. రెండు మాటలు చేర్చు. నిండు నిమిషం లెక్కపెట్టాలి, అదీ బిడ్డ ఏడవనప్పుడు. ‘ఛాతీ అంతర్ముఖ సంకోచం’ తీసేసి ‘డొక్కలు ఎగరేయడం’ అని పెట్టు. తల్లి ఆ మాటే అంటుంది, ఏఎన్‌ఎం ఆ మాటే వింటుంది.

వేగం సంగతి. మామూలు మార్గదర్శకాలకు రెండేళ్లు పట్టడం వింత కాదు, అత్యవసరమైతే ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒకటి నుంచి మూడు నెలల్లో తెస్తుంది. ఆ తగ్గిన కాలంలో చాలా భాగం ప్రశ్నలు తగ్గించడం వల్ల మిగులుతుంది. నువ్వు 34 ప్రశ్నలు వేసుకున్నావు. ఎనిమిది ఉంచు: ఏ పిల్లవాణ్ని ఇంట్లో ఉంచవచ్చు, ఎవరిని ఇప్పుడే పంపాలి, ఏమివ్వాలి, ఏమివ్వకూడదు, ఆ వరుసలోవి. బృందంలో ఒక ఏఎన్‌ఎంనీ, ఒక తల్లినీ కూర్చోబెట్టమని గట్టిగా అడుగు. మందుల కంపెనీతో లావాదేవీ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి, ఆ మందు మీద ఓటు వేయకుండా ఉండాలి. పెద్దవారిని ఈ మాట అడగడం నీ వయసులో కష్టమని తెలుసు. అయినా అడుగు.

కాగితం పైన తేదీ, ‘మళ్లీ ఫలానా రోజున చూస్తాం’ అన్న మాట తప్పకుండా ఉండాలి. 2020 మార్చిలో పిల్లలకు కొవిడ్ తేలికే అని రాసినవారు అప్పటికి తెలిసిందే రాశారు. ఏప్రిల్ చివర బ్రిటన్ వైద్యులు, పిల్లల్లో ఒళ్లంతా వాపు ప్రక్రియ చెలరేగి గుండెను దెబ్బతీసే కొత్త స్థితి కనిపిస్తోందని హెచ్చరించారు. తేదీ లేని కాగితమైతే ఆ మార్చి మాటే ఫోను నుంచి ఫోనుకు తిరుగుతూ ఉంటుంది. గోడల మీది పాత ప్రతులు ఎవరు తీస్తారో కూడా అందులోనే రాయి.

ఒక్క మాట 1971 గురించి. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది, సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన నీళ్లను డ్రమ్ములతో పెట్టించి బంధువుల చేతే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ ద్రావణం పనిచేస్తుందని ఆసుపత్రుల్లో అప్పటికే తెలుసు, శిబిరంలో బంధువుల చేతుల్లో పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆయన చేస్తూనే లెక్క రాసుకున్నారు, తర్వాత అచ్చు వేశారు. నీ కాగితం వెళ్లిన ప్రతి చోటా ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎందరు కోలుకున్నారు అన్న చిన్న పట్టిక కూడా వెళ్లేలా చూడు.

ఆదివారం వీలుంటే గుంటూరు రా. మా వీధిలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరైన ఒకావిడ ఉన్నారు. కొత్తగా రాసినది నువ్వు ఆవిడకు చదివి వినిపించు, ఎక్కడ ఆగి మళ్లీ అడుగుతారో అక్కడ గీత పెట్టుకుందాం. వస్తూ ఏదైనా మందుల షాపులో రెండు సైజుల ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొని తీసుకురా. లీటరు సీసా, గ్లాసు ఇక్కడ ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు