డెర్మటాలజీ వచ్చే ర్యాంకుతో పాథాలజీ ఎందుకు అంటున్న ఒక నాన్నగారికి

ప్రశ్న: సార్, నేను విజయనగరం దగ్గర హైస్కూల్లో టీచర్ని. మా పెద్దమ్మాయి ఎంబీబీఎస్ అయ్యి ఇప్పుడు హౌస్ సర్జన్సీలో ఉంది, నీట్ పీజీకి చదువుతోంది. మంచి ర్యాంకు వస్తే డెర్మటాలజీ తీసుకోమ్మా అని మేమందరం అంటుంటే అదేమో పాథాలజీ చేస్తాను, చర్మం మీద వచ్చే గడ్డలు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేస్తాను అంటోంది. చర్మమే కావాలంటే స్కిన్ డాక్టరే అవ్వచ్చు కదా? మన దేశంలో ఆ రీసెర్చ్ తో బతకగలదా? మా చిన్నోడు బీటెక్ కంప్యూటర్స్, వాడేమో నువ్వు చదివి వచ్చేసరికి ఆ పని ఏఐ చేసేస్తుందే అని దాన్ని ఏడిపిస్తున్నాడు.

జవాబు: మాస్టారూ నమస్తే. మీ అమ్మాయిది పిచ్చి కోరిక కాదండి, అది ముందు చెప్పేస్తున్నా. డెర్మటాలజీ సీట్లు కౌన్సెలింగ్ మొదట్లోనే అయిపోతాయి, పాథాలజీ చాలా కింది ర్యాంకు దాకా దొరుకుతుంది, అందుకని చుట్టాలంతా అయ్యో ర్యాంకు వేస్ట్ చేసుకుంది అంటారు, అననివ్వండి. అమ్మాయి చేస్తానంటున్న పని అసలు ఎవరు చేస్తారు అన్నదే మనం చూడాల్సింది.

స్కిన్ డాక్టరు మచ్చ చూసి అనుమానపడతారు, చిన్న ముక్క కోసి ఫార్మలిన్ డబ్బాలో వేసి పంపిస్తారు. అక్కడి నుంచి కథంతా పాథాలజీ వాళ్లదే. ఆ ముక్క అంచులకి ఇంకు పూసి, రొట్టెలా సన్నగా స్లైసులు చేసి, మైనంలో బ్లాకు చేసి, మూడు నాలుగు మైక్రాన్ల మందంలో కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. అది మెలనోమా అయితే చర్మం పైన ఉండే గ్రాన్యులర్ లేయర్ నుంచి కిందికి దిగిన చిట్టచివరి క్యాన్సర్ కణం దాకా ఎంత లోతు ఉందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. దీన్ని బ్రెస్లో మందం అంటారు, అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పాథాలజిస్టు 1970లో చెప్పిన లెక్క, జబ్బు ఏ స్టేజీలో ఉందో తేల్చడానికి ఇప్పటికీ అది ముఖ్యమైన లెక్క. పుండు పడకుండా 0.8 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఒక స్టేజీ, 4 దాటితే ఇంకో స్టేజీ. ఆపరేషన్ ఎంత వెడల్పు చెయ్యాలి, లింఫ్ గ్రంథి తీసి చూడాలా వద్దా అన్నవి ఆ నంబరు చూసే సర్జన్ నిర్ణయిస్తారు. అంటే పేషెంటు ముఖం కూడా చూడని మనిషి రాసిన దశాంశం మీద ఇదంతా ఆధారపడుతుందన్నమాట.

అరికాలు ముక్క అయితే ఇంకో తిరకాసు ఉంది, అక్కడ పైన చచ్చిన చర్మం దట్టంగా ఉంటుంది కదా, కొత్తవాళ్లు దాన్ని కూడా కలిపి కొలిచేస్తే లోతు ఎక్కువ వచ్చేస్తుంది. ఇలాంటివి పుస్తకంలో ఒక లైను ఉంటాయి, చేతికి రావాలంటే మాత్రం వందల స్లైడ్లు చూడాలి.

ఇప్పుడు మీ చిన్నబ్బాయి మాటకి వస్తా, ఎందుకంటే అసలు మజా అక్కడే ఉంది. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఒక లక్షా 29 వేలకి పైగా చర్మం ఫొటోలతో కంప్యూటర్ కి నేర్పించి, మేం పెట్టిన పరీక్షలో ఇది స్కిన్ డాక్టర్లతో సమానంగా చెప్పింది అని నేచర్ పత్రికలో వేశారు, వాడు చదివింది ఆ వార్తో దాని పిల్ల వార్తో అయ్యుంటుంది. అదే సంవత్సరం బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో ఇంకోటి వచ్చింది, అది వాడికి ఎవరూ చెప్పి ఉండరు. అమెరికాలో 187 మంది పాథాలజిస్టులకి 240 కేసుల్లోంచి స్లైడ్లు పంచి చూడమన్నారు. మామూలు పుట్టుమచ్చ అయితే దాదాపు అందరూ ఒకటే చెప్పారు, బాగా ముదిరిన మెలనోమాని కూడా ఎక్కువమంది సరిగ్గానే పట్టుకున్నారు. ఆ రెంటికీ మధ్యలో ఉండే రకాలు ఉంటాయి చూడండి, అక్కడ నిపుణుల కమిటీ చెప్పినదానితో సగం మంది కూడా ఏకీభవించలేదు, కొన్ని నెలల తర్వాత అదే డాక్టరుకి అవే స్లైడ్లు మళ్లీ ఇస్తే తన జవాబు తనే మార్చేసుకున్న కేసులు బోలెడు. మరి ఏఐకి ఇది క్యాన్సరు ఇది కాదు అని నేర్పించేది ఎవరు? ఈ పాథాలజిస్టులే కదా. టీచర్లలోనే తగువు ఉంటే స్టూడెంట్ ఏం నేర్చుకుంటాడు, మీకు నేను చెప్పాలా!

ఆ తగువు తీర్చడమే ఈ రీసెర్చ్ అండి. సోఫీ స్పిట్జ్ అని న్యూయార్క్ లో పనిచేసిన పాథాలజిస్టు 1948లో ఒక పేపర్ రాసింది, పిల్లల్లో వచ్చే కొన్ని గడ్డలు మైక్రోస్కోపులో అచ్చం మెలనోమాలా ఉంటాయి కానీ పిల్లలు మాత్రం చాలావరకు బాగానే ఉంటున్నారు అని. వాటికి ఇప్పుడు ఆమె పేరే ఉంది, స్పిట్జ్ నీవస్ అని. డెబ్భై ఐదేళ్లు దాటింది, ఇవాళ్టికీ స్పిట్జ్ రకం గడ్డ వస్తే పెద్ద పెద్దవాళ్లు కూడా స్లైడు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి ఇంకొకరికి చూపిస్తారు. అందుకే జీన్ టెస్టులు, ప్రేమ్ (PRAME) అనే ప్రొటీన్ లాంటి కొత్త మార్కర్లు, అంటే క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చే గుర్తులు, ఒక్కొక్కటిగా వస్తున్నాయి, వచ్చిన ప్రతిదీ మన దగ్గర పనిచేస్తుందా లేదా అని ఎవరో ఒకరు కూర్చుని చూడాలి.

మన దగ్గర అని ఎందుకంటున్నానంటే, మెలనోమా అంటే పుస్తకాల్లో రాసేది ఎక్కువగా తెల్లవాళ్ల జబ్బు, ఎండ తగిలి వచ్చేది, ఆస్ట్రేలియా న్యూజిలాండ్ లో ప్రపంచంలోనే ఎక్కువ. మన దేశంలో అది తక్కువ, వచ్చినా ఎక్కువగా అరికాల్లో, గోరు కింద, లేదంటే నోట్లో, మలద్వారంలో వస్తుంది, ఎండకీ దానికీ సంబంధం పెద్దగా ఉండదు. అరికాల్లో నల్లటి మచ్చ వస్తే మనవాళ్లు ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకుంటారు, షుగర్ ఉన్నవాళ్లయితే షుగర్ పుండు అని నెలల తరబడి కట్టు కట్టించుకుంటారు, హాస్పిటల్ కి వచ్చేసరికి చాలాసార్లు లోతు 4 మిల్లీమీటర్లు దాటిపోయి ఉంటుంది. జబ్బు కూడా లోపల వేరే. బీరాఫ్ (BRAF) అనే జీన్ మార్పు సంగతి 2002లో బయటపడింది, అమెరికా యూరప్ మెలనోమాల్లో సగం దాకా అది ఉంటుంది, 2011లో దానికి మందు కూడా వచ్చింది, కానీ అరికాలి మెలనోమాలో ఆ మార్పు అంత ఎక్కువ కనపడదు. కంప్యూటర్ ఫొటోల గొడవా ఇలాంటిదే, 2022లో మళ్లీ స్టాన్‌ఫర్డ్ వాళ్లే రకరకాల చర్మం రంగుల ఫొటోలు పెట్టి పరీక్షిస్తే ఆ ప్రోగ్రాములు నల్లటి చర్మం మీద తడబడ్డాయి.

ఒక చిన్న విషయం చెప్తాను, అమ్మాయిని అడగండి తనకి తెలిసే ఉంటుంది. క్యాన్సర్ కణాల మార్కర్ టెస్టుకి మామూలుగా వాడే రంగు గోధుమరంగు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా గోధుమరంగే. మన చర్మంలో అసలే మెలనిన్ ఎక్కువ, ఇక ఆ స్లైడులో ఏది టెస్టు రంగో ఏది ఒంటి రంగో ఎలా తెలియాలి? అందుకని ఎర్ర రంగు వచ్చే కెమికల్ వాడతారు, లేదంటే ముందు మెలనిన్ ని బ్లీచ్ చేసేస్తారు. ఇంత చిన్న విషయం, కానీ డబ్బుల్లేవని ఎర్ర రంగు కొనని ల్యాబులో రిపోర్టు తప్పుపోయే ఛాన్స్ ఉంటుంది. ఇలాంటి ప్రశ్నలు అమెరికాలో కూర్చున్నవాళ్లకి అంతగా తట్టవు, మనవాళ్లకే తట్టాలి. మీ ఉత్తరాంధ్రకి ఇలాంటి రీసెర్చ్ కొత్త కూడా కాదు, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగేవాళ్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద 1971లోనే పెద్ద స్టడీ వచ్చింది, 10,169 మంది పల్లెటూరివాళ్ల నోళ్లు చూశారు, ఇప్పటికీ ప్రపంచమంతా దాన్ని చెప్పుకుంటుంది.

సరే, డెర్మటాలజీ చేసి ఇందులోకి రాకూడదా అంటే రావచ్చు, అబద్ధం చెప్పను. అమెరికాలో డెర్మటోపాథాలజీ (చర్మం పాథాలజీ) ఫెలోషిప్ కి రెండు బ్రాంచుల వాళ్లనీ తీసుకుంటారు. తామర, బొల్లి, సోరియాసిస్ లాంటివి కూడా ఇష్టమైతే, పేషెంట్లతో మాట్లాడటం ఇష్టమైతే డెర్మటాలజీయే మంచిది. కానీ అమ్మాయి గడ్డలు అంటోంది, ట్యూమర్లు అంటోంది, అలా అయితే లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్), సార్కోమా (కండ, కొవ్వు లాంటివాటిలో వచ్చే క్యాన్సర్), ఒంట్లో ఇంకెక్కడో ఉన్న క్యాన్సర్ చర్మానికి పాకడం, అన్నీ తెలియాలి, దానికి ఎండీ పాథాలజీ పునాది గట్టిది. నా ఓటు అదే. ఇంకొక మాట, ఇప్పటినుంచే నేను మెలనోమా తప్ప ఇంకేం చూడను అనొద్దని చెప్పండి. మన దగ్గర కేసులు తక్కువ, దాని ఒక్కదాని మీద ఉద్యోగం ఉండదు. రోజంతా అన్ని రకాల రిపోర్టింగ్, అందులో స్కిన్ ట్యూమర్లు తన స్పెషాలిటీ, ఖాళీ చేసుకుని రీసెర్చ్, ఇండియాలో ఇలాగే నడుస్తుంది.

దారి చెప్తాను. ఎండీ మూడేళ్లు, అందులో థీసిస్ ఎలాగూ తప్పదు, ఆ టాపిక్ ని స్కిన్ ట్యూమర్ల మీద అడిగి తీసుకోవాలి. తర్వాత సీనియర్ రెసిడెన్సీ, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో అయితే నెలకి బేసిక్కే 67,700, మీదట అలవెన్సులు. ఆ తర్వాత నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ పరీక్ష) రాసి డీఎం ఆంకోపాథాలజీ (క్యాన్సర్ పాథాలజీ), లేదంటే డెర్మటోపాథాలజీలో ఫెలోషిప్. బయటకి వెళ్లాలంటే అమెరికాలో ఫెలోషిప్ కోసం మామూలుగా యూఎస్ఎంఎల్ఈ (అక్కడి డాక్టర్ లైసెన్సు పరీక్ష) రాసి అక్కడ రెసిడెన్సీ కూడా చెయ్యాల్సి ఉంటుంది. పేషెంటు రిపోర్టులు రాయకుండా ల్యాబులో రీసెర్చ్ ఫెలోగా వెళ్లడానికి ఆ లైసెన్సు గొడవ అక్కర్లేదు. పీహెచ్‌డీ చేస్తాను అంటే జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే స్టైపెండు) నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరే. ఎండీ చేసిన డాక్టరుకి అది తక్కువే, అందుకని ఎండీ అయ్యాక ఫుల్ టైమ్ పీహెచ్‌డీకి తొందరపడొద్దు అంటాను నేను. డెర్మటాలజీ క్లినిక్ లో వచ్చేంత డబ్బు ఇందులో రాదు, అది మీరూ అమ్మాయీ ఇప్పుడే మాట్లాడేసుకోండి, తర్వాత పెళ్లిచూపుల్లో ఎవరో అడిగితే మొహాలు చూసుకోకుండా.

పాథాలజీలో ఇంతే, గుర్తింపు రాదు అనేవాళ్లకి ఒకటి చెప్పండి. 2024లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్ అవార్డు ఇద్దరు మెలనోమా డాక్టర్లకి కలిపి ఇచ్చారు, జార్జినా లాంగ్ ఆంకాలజిస్టు, రిచర్డ్ స్కోలియర్ పాథాలజిస్టు. 2023లో ఆయనకే మెదడులో క్యాన్సర్ వస్తే, మెలనోమాలో తాము కనిపెట్టిన పద్ధతి ప్రకారం ఆపరేషన్ కి ముందే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు) తీసుకుని తనమీద తనే పరీక్ష చేయించుకున్నాడు.

ఇక కౌన్సెలింగ్ రోజు. బ్రాంచ్ ఖాయం అయితే కాలేజీని చాలా జాగ్రత్తగా చూసుకోండి, పాథాలజీలో కాలేజీయే సగం చదువు. క్యాన్సర్ కేసులు ఎక్కువ వచ్చే చోటు కావాలి, టాటా మెమోరియల్, ఎయిమ్స్, పీజీఐ చండీగఢ్, జిప్మర్ (ఈ చివరి మూడింటికీ నీట్ పీజీ కాదు, ఐఎన్ఐ సెట్ అని వేరే పరీక్ష), సీఎంసీ వెల్లూరు, మన దగ్గర నిమ్స్, కేజీహెచ్ ఉన్న ఆంధ్రా మెడికల్ కాలేజీ లాంటివి. బిల్డింగు కొత్తగా ఉందని, ఊరికి దగ్గరని పెట్టెయ్యొద్దు. ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీలో ఇప్పుడు ఎండీ పాథాలజీ చదువుతున్న పీజీ ఒకరికి అమ్మాయినే ఫోన్ చెయ్యమనండి: నెలకి స్కిన్ బయాప్సీలు ఎన్ని వస్తాయి, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (పైన చెప్పిన మార్కర్ టెస్టు) కాలేజీలోనే చేస్తారా బయటకి పంపుతారా, స్లైడ్లు పీజీలే ముందు చూసి రాస్తారా లేక ప్రొఫెసర్ చూసేశాక సంతకానికి మాత్రమే పిలుస్తారా, థీసిస్ టాపిక్ ఎవరు ఇస్తారు. హౌస్ సర్జన్సీలో కాస్త ఖాళీ దొరికితే అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ బాబా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది కదా, మీకు దగ్గరే, అక్కడి పాథాలజీ డిపార్ట్‌మెంటుకి ఒక మెయిల్ పెట్టి కొన్నాళ్లు వచ్చి చూడొచ్చా అని అడగమనండి. రోజంతా కళ్లు మైక్రోస్కోపుకి అతికించి, మెడ పట్టేసి, ఎదురుగా పేషెంటు లేకుండా కూర్చోవడం తనకి పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. పడకపోతే డెర్మటాలజీ ఆప్షన్ పైన పెట్టడానికి అప్పటికి ఇంకా టైముంటుంది.