అప్పనడగండి: గుండిగ, టీవీ, ఒక సొట్ట

ఈ నెల ఉత్తరాల్లో సగం వంటింట్లోంచి, సగం హాల్లోంచి వచ్చాయి. హాల్లో గొడవల కంటే వంటింటి గొడవలే నాకు బాగా తెలుసు. అందుకని అక్కడ కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకండి.

*అప్పా, పెళ్లికి మా అమ్మ బుడితి ఇత్తడి గుండిగ ఇచ్చింది. మొన్న అందులో బెల్లం పులుసు కాచాను. చిలుం వాసన వచ్చి ఎవరూ నోట పెట్టలేదు. "ఇవన్నీ షోకేసులో పెట్టుకోడానికేనమ్మా" అన్నారు మా అత్తయ్య. నిజమేనా?*
— ఒక చెల్లెలు, ఆమదాలవలస

గుండిగ తప్పేం లేదు తల్లీ. లోపల కళాయి ఉందో లేదో చూశావా? ముందు లోపలికి తొంగి చూడు. వెండిలా తెల్లగా ఉంటే కళాయి ఉన్నట్టు. పసుపుపచ్చగా మెరుస్తుంటే లేనట్టు, లేదా అరిగిపోయినట్టు. ఇత్తడంటే రాగి, జింకు కలిపిన లోహం. చింతపండు పులుపు తగిలితే రాగి పులుసులోకి దిగుతుంది. ఆ పులుసు తింటే వాంతులు కూడా అవుతాయి. మీవాళ్లు తినకుండా లేచిపోవడమే మంచిదైంది.

కళాయి అంటే తగరం పూత. నా చిన్నప్పుడు మా వీధిలోకి "కళాయిలు పూస్తాం, మాట్లు వేస్తాం" అని కేకేసుకుంటూ ఒకాయన వచ్చేవాడు. మా అరుగు పక్కనే నేలలో చిన్న గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవాడు. గిన్నె కాగాక నవాసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క అలా రాసి, దూదితో గిర్రున తిప్పేసరికి లోపలంతా అద్దమైపోయేది. పొగకి దగ్గుతూ కూడా అక్కడి నుంచి కదిలేవాళ్లం కాదు. ఇప్పుడు ఆ కేక వినపడటమే గగనం. ఇత్తడి సామాన్ల కొట్లో అడుగు, పూసేవాళ్లెవరో వాళ్లు చెబుతారు. ఒక్క మాట మాత్రం గట్టిగా అడుగు: "తగరమేనా, సీసం కలిపారా?" సీసం కలిపిన పూత వంటకి పనికిరాదు. చవకగా పూస్తామంటే రెండోసారి ఆలోచించు.

పూత పడ్డాక నీ చేతిలో పని. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. గిన్నెలో నీళ్లో పులుసో ఉన్నంతసేపూ అంత వేడి ఎక్కదు. ఖాళీ గుండిగ పొయ్యి మీద పెట్టి, ఫోనొస్తే హాల్లోకి వెళ్లావనుకో, పూత ముద్దలు కట్టేస్తుంది. నేను అలాగే ఒకటి పాడుచేశాను, అదీ పూయించిన వారానికే. పోపు విడిగా మూకుట్లో పెట్టుకుని కలుపు. బయట చింతపండు పెట్టి ఎంతైనా తోముకో. లోపల మాత్రం ఇనుప పీచు తగలనివ్వకు, మెత్తటి గుడ్డ చాలు. వండింది వండినట్టు వేరే గిన్నెలోకి తీసెయ్యి. మజ్జిగ, ఊరగాయ దాని దరిదాపులకి పోనివ్వకు.

ఇక షోకేసు సంగతి. బుడితి మన సారవకోట మండలంలోదే. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుర్తింపు ఉంది కదా అని ఆ గుండిగని అద్దాల వెనక పెడితే దుమ్ము తుడిచే పని ఒకటి పెరుగుతుంది, అంతే. కళాయి పూయించి మీ అత్తయ్యకి పరమాన్నం వండిపెట్టు. పులుసు తర్వాత చూద్దాం.

*మామయ్యగారు రిటైరయ్యారు. పొద్దున్న నుంచి న్యూస్ ఛానెల్, అదీ వీధి చివరికి వినపడేంత సౌండుతో. ఏడయ్యేసరికి అత్తయ్యగారి సీరియళ్లు. మా పాప పదో తరగతి. నాకు తల పగిలిపోతోంది, టెన్షన్‌తో నిద్ర లేదు. పెద్దవాళ్లని ఏమనగలను?*
— ఒక కోడలు, విజయనగరం

ఏమీ అనకు. మామయ్యగారిని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని మీ ఆయనకి చెప్పు. నవ్వులాటకి అనడం లేదు. మా ఇంట్లో టీవీ సౌండు ఇరవై నుంచి నలభైకి చేరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆయనకి పంతం పెరిగిందనుకుని నేను మూతి ముడుచుకున్నాను. చివరికి డాక్టరు చెవిలోంచి తీసింది శనగగింజంత గులిమి. ఆ సాయంత్రం ఆయనే రిమోట్ తీసుకుని, "ఎందుకే ఇంత గట్టిగా పెట్టావు" అని నన్ను కసిరారు! మీ మామయ్యగారిది గులిమే కావచ్చు, వయసుతో వచ్చిన వినికిడి లోపమే కావచ్చు. పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. ఈలోగా టీవీకి కలిసే హెడ్‌ఫోన్లు కొనండి. "మీ సౌండు భరించలేక" అనకుండా, "మీకు స్పష్టంగా వినపడాలని" అని చేతికివ్వండి.

అత్తయ్యగారి సీరియళ్ల జోలికి వెళ్లకు. నేనూ చూస్తాను, రెండు. ఆ గంటన్నర పాప మేడ మీదో, వంటింట్లో నీ పక్కనో చదువుకుంటుంది.

టీవీ లేకపోతే అందరూ హాయిగా కబుర్లాడుకుంటారని కొందరు రాస్తుంటారు. 1987లో ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో రామాయణం వచ్చే రోజుల్లో మా ఎదురింటి హాల్లో చాప మీద ముప్పై మందిమి కూర్చునేవాళ్లం. చెప్పులు గుమ్మం బయట, నోళ్లు మూత. ఎవరూ కబుర్లాడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు నేను పలాస దగ్గర మా చెల్లెలింట్లో ఉన్నాను. కరెంటు లేదు, టీవీ లేదు. మొదటి రెండు రోజులూ కబుర్లే. మూడో రోజు నుంచి నీళ్ల బిందె ఎవరు మొయ్యాలని పోట్లాట. కాబట్టి టీవీనొక్కదాన్నీ తిట్టకు.

*ఇనుప పెనం మీద చోడి అట్టు వేస్తే అంటుకుపోతోంది. నాన్‌స్టిక్ కొనెయ్యనా?*
— ఒక తమ్ముడు, బొబ్బిలి

మగపిల్లాడు అట్టు గురించి అడిగాడు, సంతోషం నాన్నా. సబ్బుతో తోమావు కదూ? పెనం బాగా ఆరబెట్టి, నూనె పల్చగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చు. చల్లారాక మళ్లీ రాసి, మళ్లీ కాల్చు. అలా నాలుగైదు సార్లు. ప్రతి అట్టుకీ ముందు నూనెలో ముంచిన ఉల్లిపాయ చెక్కతో రుద్దు. చోడిపిండిలో మినప్పప్పు తగ్గినా అంటుకుంటుంది, అదీ చూసుకో. నాన్‌స్టిక్ కొంటే మాత్రం ఖాళీగా పెద్ద మంట మీద వదలకు. సుమారు 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది.

*ఇండక్షన్ పొయ్యి కొన్నాం. నా సత్తు గిన్నెలేవీ పని చెయ్యడం లేదు.*
— ఒక గృహిణి, రాజాం

ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే పనిచేస్తుంది, జారిపోతే లేదు. సత్తు, ఇత్తడి, రాగి అన్నీ జారిపోతాయి. స్టీలులో కూడా కొన్ని అతుక్కోవు. కొట్టుకి వెళ్లేటప్పుడు అయస్కాంతం పర్సులో వేసుకెళ్లండి.

*ఊరికే అడుగుతున్నాను. మీకు బాగా ఇష్టమైన గిన్నె ఏదమ్మా?*
— ఒక రిటైర్డ్ గుమాస్తా, శ్రీకాకుళం

ఇత్తడి అంటానని చూస్తున్నారు కదూ. కాదండీ, సత్తు తపేలా. మా పెద్దాడు నాలుగేళ్లప్పుడు దాన్ని మేడ మెట్ల మీంచి దొర్లించాడు. పక్కన పెద్ద సొట్ట పడింది. మాట్లు వేసేవాడు సరిచేస్తానన్నా వద్దన్నాను, ఎందుకంటే ఆ సొట్ట దాకా బియ్యం పోస్తే మా ఐదుగురికీ సరిగ్గా సరిపోయేవి. పులుపు దాన్లో వండను. అన్నం ఒక్కటే. పిల్లలు ముగ్గురూ ఉద్యోగాలకి వెళ్లిపోయారు, ఇప్పుడు ఇద్దరమే. అయినా పరధ్యానంగా ఉంటే చెయ్యి సొట్ట దాకా పోసేస్తుంది. మర్నాడు పొద్దున్న ఆయనకి చద్దన్నం, ఉల్లిపాయ.