కొబ్బరి తోటలో వాతావరణ కేంద్రం ఎక్కడ బిగించాలి?

అమలాపురం దగ్గర కొబ్బరి తోటలో ఇల్లు; వైర్‌లెస్ వాతావరణ కేంద్రాన్ని (గాలి, ఉష్ణోగ్రత, తేమ, వాన, పీడనం కొలిచి ఇంట్లో తెరపై చూపే పరికరాన్ని) డాబా మీద పెట్టవచ్చా అన్నది ప్రశ్న.

గాలివేగం కొలిచే భాగానికి డాబాయే మేలు. ప్రమాణం ప్రకారం అది 10 మీటర్ల ఎత్తున, అడ్డులేని చోట ఉండాలి. చుట్టూ అంతకంటే పొడవైన కొబ్బరి చెట్లుంటే వేగం తక్కువే చూపిస్తుంది. అది ఒప్పుకోక తప్పదు.

ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్‌ను మాత్రం దయచేసి డాబా మీద పెట్టకండి. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. పెరట్లో గడ్డి నేలపై, సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున, గాలి ఆడే తెల్లని కవచంలో ఉంచండి.

అసలు చిక్కు వర్షమాపకంతోనే. చెట్టు ఎత్తుకు కనీసం రెట్టింపు దూరం ఉండాలి. తోటలో అంత ఖాళీ దొరకదు, చేను గట్టే నయం. గోడలు, తడి ఆకులు సంకేతాన్ని బలహీనపరుస్తాయి కాబట్టి, బిగించే ముందే ఇంట్లో తెరపై అంకెలు అందుతున్నాయేమో చూడండి. వర్షమాపకాన్ని రసమట్టంతో సమంగా నిలపండి. వాననీరు నిండగానే ఒరిగి లెక్క చూపే చిన్న తొట్టి లోపల ఉంటుంది; మాపకం వాలితే అది సరిగా ఒరగదు, లెక్క తప్పుతుంది.

గాలి పీడనాన్ని సముద్రమట్టం దగ్గర ఎంతుంటుందో ఆ లెక్కకు సరిచేయడం, నేల పల్లంగా ఉన్న ఇక్కడ తేలిక: 8 మీటర్ల ఎత్తుకు తేడా సుమారు ఒక హెక్టోపాస్కల్ (పీడనం కొలమానం) మాత్రమే. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టీలు బోల్టులే వాడండి.