నాన్నగారి ఫోన్‌లో ఇంటర్నెట్ తీసేయించాలా? – సమాధానం

నమస్కారమండీ. పదవీ విరమణ తర్వాత గుంటూరు బ్రాడీపేటలో ఒంటరిగా ఉంటున్న మీ నాన్నగారు రోజంతా ఫోన్ చూస్తూ దిగులుగా ఉంటున్నారని, ఇంటర్నెట్ తీసేయించమంటారా అని అడిగారు. దయచేసి తీసేయించవద్దు; దానితో ఆయన ఏం చేస్తున్నారో ముందు గమనించండి.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్ బృందం పిట్స్‌బర్గ్‌లో 73 కుటుంబాలను పరిశీలించి, ఇంటర్నెట్ ఎక్కువగా వాడినవారిలో ఒంటరితనం, దిగులు కొంత పెరిగాయని 1998లో ప్రకటించింది. అయితే ఆ కుటుంబాలనే మరికొంతకాలం గమనించాక ఆ చెడు ప్రభావం చాలావరకు తొలగిపోయిందని అదే బృందం 2002లో రాసింది. 2016లో క్రౌట్, మొయిరా బర్క్ కలిసి ప్రచురించిన ఫేస్‌బుక్ పరిశోధనలో, ఆప్తులు తమ కోసమే రాసిన మాటలు అందుకున్నవారి మనసు మెరుగుపడిందని, అందరికోసం పెట్టిన పోస్టులు చదవడానికీ లైకులకూ అటువంటి ఫలితం లేదని తేలింది.

మా అమ్మగారి విషయంలో దీన్ని నేను కళ్ళారా చూశాను. పటమటలో మా ఇంటి వరండాలో పొద్దుపోయేదాకా వీడియోల మీద వీడియోలు చూసిన రోజున ఆమె అన్నం కూడా సరిగా తినేవారు కాదు; తెనాలి నుంచి పిన్ని "అక్కా, మాగాయ ముక్కలు ఎండాయా?" అని వాయిస్ మెసేజ్ పెట్టిన రోజున మాత్రం దాన్ని మూడుసార్లు విని, గొంతు సవరించుకుని మరీ జవాబు చెప్పేవారు.

కాబట్టి నాన్నగారి పాత సహోద్యోగుల నంబర్లు మీరే వెతికి ఆయన ఫోన్‌లో ఎక్కించండి. శుభోదయం బొమ్మలకు బదులు రోజూ ఆయనకని నాలుగు మాటలు రాయండి. దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, ఆకలి తగ్గినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.