మాట పడిపోయిన అమ్మని అడిగారా?

ప్రశ్న: మాది బరంపురం. అమ్మకి 72 ఏళ్లు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు, మాట పడిపోయాయి. నేను టీచర్ని, మా ఆయనకి దుకాణం. అమ్మని ఎత్తి దించలేక నా నడుం పట్టేసింది. ఊరి శివార్లలో ఓ ట్రస్టు నడిపే నర్సింగ్ కేర్ సెంటర్లో చేర్చమన్నారు డాక్టరు గారు. విశాఖలో ఉన్న తమ్ముడేమో "అమ్మని ఆశ్రమంలో పడేస్తావా?" అని ఫోను పెట్టేశాడు. పెద్దమ్మదీ అదే మాట. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: తప్పు కాదమ్మా. పక్షవాతం వచ్చాక తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే మనిషి ఎక్కువగా కోలుకుంటారు. అందులో రెండు నెలలు గడిచాయి. రోజూ వ్యాయామం చేయించేవాళ్లు, రాత్రంతా మేలుకుని చూసే నర్సు ఇంట్లో దొరకడం కష్టం. వృద్ధాశ్రమాలు చాలావరకు తమ పని తాము చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటాయి. డాక్టరు గారు చెప్పిన నర్సింగ్ సెంటర్ అలాంటిది కాదని మీ తమ్ముడికి తెలియకపోవచ్చు.

కానీ మీ ఉత్తరంలో అందరి మాటా ఉంది, అమ్మది లేదు. మాట పోయినంత మాత్రాన తెలివి పోయినట్టు కాదు. పక్కన కూర్చుని, టీవీ కట్టేసి, చిన్న చిన్న మాటల్లో అడగండి. తల ఊపో, ఎడమ చేత్తోనో చెప్పగలిగేలా ఉండాలి ప్రశ్న. "రెండ్రోజుల్లో వచ్చేద్దాం" అని మాత్రం మభ్యపెట్టకండి. మూడు నెలలకని చెప్పండి, ఆ తర్వాత మళ్లీ అడుగుతానని చెప్పండి. ఒక పూట తీసుకెళ్లి చూపించండి. అప్పటికీ వద్దంటే బలవంతం చెయ్యొద్దు. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుని, పగటి పూటకి ఒక ఆయాని పెట్టుకోండి.

సరేనంటే, మీ ఊళ్లో ముఖ్యంగా చూసుకోవలసింది భాష. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడిన మనిషికి పక్షవాతం తర్వాత రెండూ ఒకేలా తిరిగి రావాలని లేదు. అమ్మకి తెలుగే ముందు వస్తుంటే, ఒడియా మాత్రమే తెలిసిన ఆయాకి ఆవిడ బాధ ఎలా తెలుస్తుంది? నొప్పి, దాహం, చలి, ఒంటికి, రెంటికి అనే తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసి, పక్కన బొమ్మలు గీసి మంచం దగ్గర అంటించండి. ఇది చిన్న పని కాదు. అడగలేక పక్క తడుపుకోవడం కన్నా పెద్దవాళ్లని కుంగదీసేది లేదు.

చేర్చే ముందు ఒకసారి చెప్పకుండా సాయంత్రం వెళ్లి చూడండి. కదలలేనివాళ్లని రెండేసి గంటలకి పక్క మారుస్తున్నారా, మడమల దగ్గర, నడుం కింద పుండ్లు పడ్డాయా, రాత్రి నర్సు ఎవరు, అర్ధరాత్రి ఊపిరాడకపోతే మీ ఊరి ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎం.కె.సి.జి.కి ఎవరు తీసుకెళ్తారు అని అడగండి. ట్రస్టు అంటే ఉచితమని కాదు, నెలకి ఎంతో, డిపాజిట్టు తిరిగి ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. 70 దాటినవాళ్లకి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యానికే, నెలనెలా ఉండే ఖర్చుకి కాదు.

ఇంటి నుంచి తెచ్చింది ప్రేమగా నోట్లో పెట్టేయకండి. మింగడం సరిగా రాకపోతే గుక్కెడు నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. ముందు నర్సుని అడగండి.

ఇక తమ్ముడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునీ కూతుర్నీ ఒకేలా బాధ్యుల్ని చేసింది. అయినా సబ్ కలెక్టరు దగ్గరి ట్రిబ్యునల్ దాకా వెళ్లే అవసరం రాకూడదనే నా కోరిక. సలహాకి 14567 అనే వృద్ధుల హెల్ప్‌లైనుంది. ముందు తమ్ముణ్ని ఒక వారం సెలవు పెట్టి రమ్మనండి. రాత్రిపూట అమ్మని తనే చూసుకోనివ్వండి, ఆ వారంలో మీరు నడుం నొప్పికి డాక్టరుకి చూపించుకోండి. తర్వాత అమ్మ ముందే ముగ్గురూ కూర్చుని, ఖర్చులో తన వాటా ఎంతో తేల్చుకోండి.